ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి పెద్ద ఇంధన ట్యాంకు: ఎంచుకోవడం ఎలా, సరిచూసుకోవడం ఎలా

"ఎన్ని లీటర్ల ట్యాంకు వేయించుకుంటే మంచిది?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదే పదే వస్తూనే ఉంది. దానికి లీటర్లలో జవాబు చెప్పడం తేలికే గానీ, అలా చెప్పిన జవాబు చాలాసార్లు తప్పుతుంది. మీరు వెళ్లదలచిన దూరం ఎంత ముఖ్యమో, మీ వాహనం వెనుక యాక్సిల్ ఇంకా ఎంత బరువు మోయగలదన్న లెక్క కూడా అంతే ముఖ్యం. చాలామంది విషయంలో ఆ రెండో లెక్కే తుది తీర్పు చెబుతుంది. అందువల్ల ముందు దూరం, తరువాత బరువు, ఆ రెండూ తేలిన తరువాతే ట్యాంకు రకం అన్న వరుసలో ఈ వ్యాసాన్ని రాశాను. ఈ వరుసను దయచేసి మార్చకండి. ముందు ట్యాంకు కొని, తరువాత కాటా ఎక్కినవారి ఉత్తరాలే నాకు ఎక్కువగా వస్తాయి.

ఒకే జవాబు అందరికీ ఎందుకు సరిపోదో చూడాలంటే, కంపెనీలు ఇచ్చే ట్యాంకులనే గమనించండి. సుజుకీ జిమ్నీలో 40 లీటర్లు పడతాయి. టొయోటా హైలక్స్‌లో 80 లీటర్లు పడతాయి. ఆస్ట్రేలియాలో అమ్మిన ప్రాడో 150 శ్రేణికైతే 87, 63 లీటర్ల చొప్పున రెండు భాగాలుగా మొత్తం 150 లీటర్లు కంపెనీయే అమర్చి ఇచ్చింది. ఇప్పటికే 150 లీటర్లు ఉన్నవారు మరో ట్యాంకు గురించి ఆలోచించే ముందు తమ ప్రయాణ ప్రణాళికను మరొకసారి చూసుకోవడం మేలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

వాహనం యజమాని పుస్తకం. తలుపు చట్రం మీదనో ఇంజను గదిలోనో ఉండే బరువుల ఫలకం ఫొటో. కనీసం చివరి పది ట్యాంకుల ఇంధనం లెక్క. కొలత టేపు, టార్చి, సుద్దముక్క, పెద్ద అట్టముక్క. లారీలు తూచే వేబ్రిడ్జికి వెళ్లివచ్చే తీరిక. బరువుల ఫలకం మీద మీకు కావలసిన అంకెలు రెండు: వాహనం మొత్తం గరిష్ఠ బరువు, వెనుక యాక్సిల్ గరిష్ఠ బరువు. రెండో అంకె ఫలకం మీద లేకపోతే యజమాని పుస్తకంలో గానీ తయారీదారు సేవా కేంద్రంలో గానీ దొరుకుతుంది. అది చేతికి అందేవరకు ముందుకు వెళ్లకండి.

1. మీకు నిజంగా ఎంత ఇంధనం కావాలో లెక్క వేయండి

ప్రయాణం మొత్తం పొడవుతో ఇక్కడ పని లేదు. మీ దారిలో ఒక ఇంధన బంకుకూ తరువాతి బంకుకూ మధ్య ఉన్న అతి పొడవైన దూరమే మీ లెక్కకు ఆధారం. ఆ దూరాన్ని నేల స్వభావాన్ని బట్టి ముక్కలుగా విడగొట్టండి. బాగున్న రోడ్డు మీద వచ్చే మైలేజీ గతుకుల మట్టిదారిలో రాదు. మెత్తటి ఇసుకలో, లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్ల వరుసలో) నడిపినప్పుడు అది సగానికి పడిపోయినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు బంకుల మధ్య దూరం 700 కి.మీ. అనుకోండి. అందులో 500 కి.మీ. మట్టిదారి, లీటరుకు 8 కి.మీ. వస్తే 62.5 లీటర్లు కావాలి. మిగిలిన 200 కి.మీ. ఇసుక, లీటరుకు 5 కి.మీ. మాత్రమే వస్తే 40 లీటర్లు కావాలి. మొత్తం 102.5 లీటర్లు. దీనికి దారి తప్పడానికి, వెనక్కి తిరిగి రావడానికి, ఇసుకలో కూరుకుపోయి గంటసేపు ఇంజను తిప్పడానికి ఐదో వంతు కలిపితే సుమారు 123 లీటర్లు అవుతుంది. మీ ట్యాంకు 80 లీటర్లదై, అడుగున పైపుకు అందని 5 లీటర్లు పోగా 75 లీటర్లు వాడుకోగలిగితే, మీకు తక్కువైనవి 48 లీటర్లు. ఈ 48 అన్న అంకెను పెద్దగా రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడి నుంచి మనం వెతకవలసింది దానికే గానీ దుకాణంలో కనిపించే అతి పెద్ద ట్యాంకుకు కాదు.

హెచ్చరిక: డ్యాష్‌బోర్డు చూపించే సగటు మైలేజీని ఈ లెక్కలో వాడకండి. ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నిండా పోయించి, పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించండి. కంపెనీ టైర్ల కంటే పెద్దవి వేయించుకున్నట్లయితే ఓడోమీటరు అసలు దూరం కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి, జీపీఎస్ దూరంతో ఒకసారి సరిచూసి, తేడా శాతాన్ని లెక్కలో కలుపుకోండి.

ప్రత్యామ్నాయం: ఇటువంటి ప్రయాణం సంవత్సరానికి ఒకసారి మాత్రమే చేసేవారైతే 20 లీటర్ల జెర్రీ క్యాన్లు మూడు కొనుక్కుని ఈ వ్యాసాన్ని ఇక్కడితో ఆపేయవచ్చు. ఇది వెటకారం కాదు. పై ఉదాహరణలోని 48 లీటర్లకు మూడు క్యాన్లు ధారాళంగా సరిపోతాయి, ప్రయాణం అయిపోగానే ఆ బరువును ఇంట్లో దించేయవచ్చు కూడా.

2. కాటా ఎక్కించండి

ఈ మెట్టును దాటవేయాలని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. దాటవేయకండి.

ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే వాహనాన్ని సిద్ధం చేయండి. ట్యాంకు నిండా ఇంధనం, నీళ్లు, సామాను, మనుషులు, పైకప్పు మీద గుడారం, ముందున్న వించ్ (కూరుకుపోయిన వాహనాన్ని లాగే తాడు యంత్రం) అన్నీ ఉండాలి. వేబ్రిడ్జి మీద మొదట మొత్తం వాహనాన్ని తూచండి. తరువాత ముందు చక్రాలను బల్ల దాటించి, వెనుక చక్రాలు మాత్రమే బల్ల మీద ఉండేటట్లు నిలిపి మళ్లీ తూచండి. ఆ రెండో తూకం మీ వెనుక యాక్సిల్ మోస్తున్న బరువు. ఫలకం మీది గరిష్ఠం నుంచి దీన్ని తీసివేస్తే మీకు మిగిలిన అవకాశం తెలుస్తుంది. ట్రెయిలరు లాగేవారు దాన్ని తగిలించి, ట్రెయిలరు చక్రాలు బల్ల బయట ఉండేటట్లు చూసుకుని తూచాలి. కొక్కెం మీద పడే బరువు కూడా వెనుక యాక్సిల్ లెక్కలోకే వస్తుంది.

ఇక కొత్త ట్యాంకు తెచ్చే బరువు. డీజిల్ లీటరుకు సుమారు 0.84 కిలోలు, పెట్రోలు సుమారు 0.75 కిలోలు తూగుతాయి. అంటే అదనంగా 50 లీటర్ల డీజిల్ 42 కిలోలు. పెద్ద ఉక్కు ట్యాంకు, దాని పట్టీలు, అడుగున రాళ్ల దెబ్బకు కాపుగా వేసే రేకు కలిసి పాత ట్యాంకు కంటే ఎంత ఎక్కువ తూగుతాయో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. ఆ పెద్ద ట్యాంకు స్టెప్నీ ఉండే చోటును ఆక్రమిస్తే అసలు ఖర్చు, అసలు బరువు అక్కడ మొదలవుతాయి. స్టెప్నీని వెనుక తలుపు బయటికి తేవాలంటే దాన్ని మోసే చేయి, ఆ చేయిని మోసే గట్టి వెనుక బంపరు కావాలి. ఇవి రెండూ కలిసి మీరు అదనంగా పోయించే ఇంధనం కంటే ఎక్కువ తూగడం మామూలే.

బరువు ఎక్కడ పడుతుందన్నది ఎంత పడుతుందన్నదానికి సమానంగా ముఖ్యం. ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య దూరం 2.8 మీటర్లు ఉన్న వాహనంలో, వెనుక యాక్సిల్‌కు 1 మీటరు వెనకాల 100 కిలోలు పెడితే, వెనుక యాక్సిల్ మీద పడేది 100 కాదు, 136 కిలోలు. ఆ పైబడిన 36 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. స్టీరింగు తేలికపడుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి. అదే 100 కిలోలను వెనుక యాక్సిల్‌కు 0.7 మీటరు ముందు, అంటే వెనుక సీటు కింద పెడితే, వెనుక యాక్సిల్‌కు 75, ముందు యాక్సిల్‌కు 25 కిలోలుగా పంచుకుంటాయి. అందుకే ఒకే సామర్థ్యమున్న రెండు ట్యాంకులు దొరికినప్పుడు, యాక్సిల్‌కు ముందు కూర్చునే ట్యాంకు కాస్త ఖరీదైనా సరే దాన్నే తీసుకోమని నా సలహా.

లెక్క ఇలా వేయండి: వస్తువు బరువును, అది వెనుక యాక్సిల్‌కు ఎంత వెనకాల ఉందో ఆ దూరానికి యాక్సిళ్ల మధ్య దూరం కలిపి వచ్చిన అంకెతో గుణించి, యాక్సిళ్ల మధ్య దూరంతో భాగించండి. వస్తువు వెనుక యాక్సిల్‌కు ముందు ఉంటే ఆ దూరాన్ని కలపడానికి బదులు తీసివేయండి. ట్యాంకుకు, స్టెప్నీ చేతికి, బంపరుకు విడివిడిగా లెక్క వేసి కూడండి. పాత చోటు నుంచి తీసేసిన స్టెప్నీ, పాత ట్యాంకు బరువులను కూడా ఇదే పద్ధతిలో తీసివేయడం మరిచిపోవద్దు.

ఈ లెక్క తరువాత వెనుక యాక్సిల్ మీద ఇంకా 100 కిలోలైనా అవకాశం మిగలకపోతే నేనైతే ట్యాంకు ఆలోచన మానుకుంటాను. పరిమితికి అంచున పెట్టిన వాహనంలో ఒక స్నేహితుడు అదనంగా ఎక్కినా, నీళ్ల డబ్బా ఒకటి పెరిగినా పరిమితి దాటిపోతుంది.

హెచ్చరిక: గట్టి స్ప్రింగులు వేయిస్తే సరిపోతుందని చెప్పేవారు ఉంటారు. స్ప్రింగులు వాహనం వెనుక భాగాన్ని పైకి లేపుతాయి. యాక్సిల్ గొట్టాన్ని, బేరింగులను, చక్రాలను, టైర్లను, చాసిస్‌ను బలపరచవు. అధీకృత సంస్థ పరీక్షించి కొత్త ఫలకం ఇస్తే తప్ప పరిమితి పాతదే. పైగా నిండు ట్యాంకును దృష్టిలో పెట్టుకుని వేసిన స్ప్రింగులు ట్యాంకు ఖాళీ అయిన రోజున వాహనాన్ని ఎగరేస్తాయి.

3. ట్యాంకు రకాన్ని తేల్చుకోండి

పాత ట్యాంకును తీసేసి దాని స్థానంలో పెద్దదాన్ని పెట్టడం ఒక పద్ధతి. ఇందులో పోసే నోరు ఒకటే, గేజీ ఒకటే, అతుకులు తక్కువ, డ్రైవరు గుర్తుపెట్టుకోవలసిన స్విచ్చులు లేవు. మీ వాహనానికి అటువంటిది దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

పాతది అలాగే ఉంచి రెండోదాన్ని జోడించడం ఇంకొక పద్ధతి. ఇందులో ఇంధనం రెండో ట్యాంకు నుంచి మొదటిదానికి 12 వోల్టుల పంపు ద్వారా గానీ, ఎత్తు తేడా వల్ల దానంతటదే గానీ చేరుతుంది. పంపులు, వాల్వులు, వైర్లు పెరిగినకొద్దీ చెడిపోయేవి పెరుగుతాయి. అయితే ఈ పద్ధతికి ఉన్న ఒక గొప్ప గుణాన్ని తక్కువ చేయలేం: ఒక బంకులో నీళ్లు కలిసిన డీజిల్ పోసినా, ఒక రాయి తగిలి ఒక ట్యాంకు చిల్లు పడినా, రెండో ట్యాంకులోని ఇంధనం మీకు మిగిలి ఉంటుంది. మనుషుల జాడ లేని చోట్లకు ఒంటరిగా వెళ్లేవారు ఈ ఒక్క కారణంతో రెండు ట్యాంకులను ఎంచుకుంటే నేను కాదనను.

పాత డీజిల్ వాహనాల్లో స్విచ్చు నొక్కి ట్యాంకు మార్చే ఏర్పాటు ఉంటే ఒక్క విషయం తప్పనిసరిగా చూడండి. డీజిల్ ఇంజను తాను వాడుకోని ఇంధనాన్ని మరొక పైపు ద్వారా తిరిగి ట్యాంకుకు పంపుతుంది. తీసుకునేది రెండో ట్యాంకు నుంచి, తిరిగి పంపేది మొదటిదానికి అయితే, నిండుగా ఉన్న మొదటి ట్యాంకు పొంగి బ్రీదర్ (ట్యాంకులోకి గాలి వచ్చిపోయే గొట్టం) గుండా రోడ్డు మీద కారుతుంది. నేను మొదట చేయించుకున్న ఏర్పాటు సరిగ్గా ఇలాగే కారింది; కారణం తెలియక రెండు రోజులు అతుకులన్నీ బిగిస్తూ కూర్చున్నాను. స్విచ్చుతో పాటు తిరుగు పైపు కూడా మారే వాల్వు ఉందో లేదో అడగండి.

జెర్రీ క్యాన్ల విషయం ముందే చెప్పాను. వాటిని మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు, పైకప్పు మీద నాలుగైదు పేర్చకూడదు. నాలుగు క్యాన్ల డీజిల్ ఒక్కటే 67 కిలోలు. చాలా వాహనాల పైకప్పుకు క్యారియరుతో కలిపి 100 కిలోల లోపే అనుమతి ఉంటుంది, అంత బరువు పైకి వెళితే వాలు నేల మీద వాహనం బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది. క్యాన్లలో పెట్రోలు, డీజిల్ పోయించేటప్పుడు క్యాన్‌ను నేల మీద పెట్టి, నాజిల్‌ను క్యాన్ నోటికి ఆనించి పోయించాలి. వాహనంలో ప్లాస్టిక్ చాప మీద ఉంచి పోస్తే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టించవచ్చు.

4. వాహనం కింద దూరి కొలవండి

ట్యాంకు బొమ్మ, కొలతలు అమ్మేవారి దగ్గర తీసుకుని అట్టముక్కను ఆ ఆకారంలో కత్తిరించి వాహనం కింద పట్టి చూడండి. సైలెన్సర్ గొట్టానికి, ట్యాంకుకు మధ్య ఖాళీ ఎంత ఉంది, వేడి అడ్డే రేకు ఉందా అన్నది చూడండి. యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు, పూర్తిగా కిందికి వేలాడినప్పుడు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యనుండే గేర్ల గుండ్రటి పెట్టె) గానీ, షాక్ అబ్జార్బరు గానీ, బ్రేకు పైపులు గానీ ట్యాంకును తాకుతాయా అన్నది ఒక వైపు చక్రాన్ని జాకీతో ఎత్తి, రెండో వైపు వదిలేసి గమనించండి. సమతల నేల మీద నిలిపిన వాహనంలో ఇది ఎప్పటికీ కనబడదు.

తరువాత వెనుక కోణం. వెనుక టైరు నేలను తాకే చోటు నుంచి వాహనం వెనుక భాగంలో అడ్డుతగిలే అంశానికి గీసిన గీత నేలతో చేసే కోణమే మీరు వాగు గట్టు దిగేటప్పుడు తోక తగలకుండా కాపాడేది. టైరుకు 900 మి.మీ. వెనకాల 400 మి.మీ. ఎత్తున ఉన్న అడుగుభాగం కొత్త ట్యాంకు వల్ల 340 మి.మీ.కి దిగితే, కోణం 24 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు తగ్గుతుంది. అంకెల్లో చిన్నదిగా కనబడే ఈ తేడా గట్టు మీద పెద్దదే. ఇంతకంటే ముఖ్యంగా, మొదట నేలకు తగిలేది కొక్కెం దూలమా, ట్యాంకా అన్నది చూడండి. ట్యాంకే అయితే ఆ నమూనా మీకు వద్దు.

5. లోహాన్ని పరిశీలించండి

ఎక్కువగా వాడేది అల్యూమినియం పూత పూసిన ఉక్కు రేకు. మందం 2 మి.మీ. ఉంటే కింది భాగానికి సరిపోతుంది. ఇది దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది గానీ తొందరగా చీలదు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, కానీ పలచటి రేకుతో చేసినది నిరంతర కుదుపులకు వెల్డింగ్ అంచున పగిలే అవకాశం ఉంది. అల్యూమినియం తేలిక, కానీ పదే పదే పడే కుదుపులకు అలసి పగిలే లోహం కాబట్టి పట్టీల కింద రబ్బరు, అతుకుల దగ్గర బలం బాగుండాలి. అచ్చుపోసిన పాలిథిలీన్ (ప్లాస్టిక్) ట్యాంకు తుప్పు ఎరగదు, ఏ మూలకైనా ఒదిగే ఆకారంలో దొరుకుతుంది. ఇంధనం తగిలాక కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి దాని పట్టీలను, చుట్టూ ఖాళీని తయారీదారు చెప్పినట్లే ఉంచాలి.

హెచ్చరిక: లోపల జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ రేకుతో చేసిన ట్యాంకును డీజిల్‌కు వాడకండి. జింకు డీజిల్‌లోని ఆమ్లాలతో చర్య జరిపి సబ్బులాంటి పదార్థంగా మారి ఫిల్టరులో, ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. రాగి గొట్టాలు కూడా డీజిల్‌ను త్వరగా పాడుచేస్తాయి. స్థానికంగా ట్యాంకు చేయించుకునేవారు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

6. లోపల ఏముందో అడగండి

బయటి పెయింటు చూసి ట్యాంకు కొనకూడదు. ఈ ప్రశ్నలకు జవాబులు తీసుకోండి.

లోపల అడ్డుగోడలు ఉన్నాయా? సగం నిండిన 130 లీటర్ల ట్యాంకులో మలుపు దగ్గర 50 కిలోలకు పైగా ఇంధనం ఒక్కసారిగా పక్కకు దూకుతుంది. అడ్డుగోడలు దాన్ని నెమ్మదింపజేస్తాయి.

ఇంధనం పీల్చే పైపు ఎక్కడ ఉంది? నిటారు ఎక్కుడులో ఇంధనమంతా వెనక్కి, దిగుడులో ముందుకు పోతుంది. పైపు ఒక మూలన ఉండి, దాని చుట్టూ చిన్న తొట్టిలాంటి ఏర్పాటు లేకపోతే, ట్యాంకులో 20 లీటర్లు ఉండగానే ఇంజను గాలి పీలుస్తుంది. అడుగున మిగిలిపోయేది ఎన్ని లీటర్లో కూడా ఇక్కడే అడగండి.

గేజీకి సంకేతం పంపే ఫ్లోటు పాతదేనా, కొత్తదా? పాత ఫ్లోటు పాత ట్యాంకు ఆకారానికి తగినట్లు చేసినది. కొత్త ట్యాంకులో అది ముల్లును చాలాసేపు "నిండు" దగ్గరే ఉంచి, తరువాత ఒక్కసారిగా దించేయవచ్చు.

బ్రీదర్ ఎంత ఎత్తుకు వెళుతుంది, వాహనం పల్టీ కొడితే మూసుకునే వాల్వు ఉందా? వాగులు దాటేవారి బ్రీదర్ నీటి మట్టానికి పైన, బురద చేరని చోట ముగియాలి.

పెట్రోలు వాహనమైతే ఆవిరిని పట్టే క్యానిస్టర్‌కు కనెక్షన్ ఉందా? లేకపోతే పెట్రోలు వాసన రావడంతో పాటు ఇంజను హెచ్చరిక దీపం కూడా వెలుగుతుంది.

హోస్ పైపులు ఇంధనానికి తగినవేనా? మామూలు సిలికాన్ గొట్టాలు ఇంధనానికి పనికిరావు. ట్యాంకు లోపల మునిగి ఉండే గొట్టానికి లోపలా బయటా ఇంధనాన్ని తట్టుకునే ప్రత్యేక రకం కావాలి. దాని మీద ఎస్‌ఏఈ జె30 ఆర్10 అన్న ముద్ర ఉంటుంది. ఇంజను గదిలో వాడే మామూలు ఇంధన గొట్టాన్ని ట్యాంకులో ముంచితే బయటి పొర కరిగి ముక్కలై ఫిల్టరుకు చేరుతుంది.

అడుగున నీళ్లు వదిలే ప్లగ్ ఉందా, అది రాళ్లకు తగలకుండా లోపలికి ఒదిగి ఉందా?

7. కాగితాలు

ఇంధన ట్యాంకు మార్పు చాలా దేశాల్లో అనుమతి అవసరమైన మార్పు. ఇంధన ట్యాంకులకు, అగ్ని ప్రమాద నివారణకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 34వ నిబంధన వంటి ప్రమాణానికి లేదా మీ దేశంలో దానికి సమానమైనదానికి ట్యాంకు సరితూగుతుందన్న పత్రం తీసుకోండి. బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి, వారి జవాబును దాచుకోండి. వాహనం వారంటీలో ఉంటే ఇంధన పంపు, ఇంజెక్టర్ల వారంటీ మీద ప్రభావం ఏమిటో కూడా రాతలోనే అడగండి.

8. అమర్చే రోజున దగ్గర ఉండండి

ఈ పని అనుభవమున్న వర్క్‌షాపుకే అప్పగించడం మేలు, కానీ మీరు పక్కన ఉండి కొన్ని చూడాలి. కొత్త ట్యాంకు లోపల వెల్డింగ్ పొక్కులు, లోహపు రజను ఉండిపోవడం మామూలు. కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చిమ్మే) డీజిల్ ఇంజనుకు అవి చాలా హానికరం. బిగించేముందు ట్యాంకును శుభ్రమైన ఇంధనంతో కడిగి, అది తెల్లటి గుడ్డ గుండా వడకట్టి చూపించమనండి. గుడ్డ మీద నలుసులు రానంతవరకు కడగడం ఆపకూడదు. బ్యాటరీ కనెక్షన్ తీసి ఉందో లేదో, పట్టీలకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు ఉందో లేదో, లోహపు ట్యాంకుకూ చాసిస్‌కూ ఎర్తు తీగ కలిపారో లేదో చూడండి. బదిలీ పంపు ఉంటే దాని ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

హెచ్చరిక: ఒకసారి ఇంధనం పోసిన ట్యాంకుకు ఎవరూ అక్కడికక్కడ వెల్డింగ్ చేయకూడదు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. నీళ్లతో కడిగినంత మాత్రాన ఆ ఆవిరి పోదు.

9. సరిచూసుకోండి

మొదట ట్యాంకు నిండా పోయించండి. నాజిల్ పూర్తిగా నొక్కి పట్టినా ఆగకుండా పోయగలగాలి. మాటిమాటికీ క్లిక్కుమని ఆగిపోతుంటే, బ్రీదర్ గొట్టం ఎక్కడో నలిగి ఉంది లేదా నీళ్ల సంచిలా కిందికి వంగి, అందులో ఇంధనం నిలిచిపోయింది. దాన్ని సరిచేయించకుండా వర్క్‌షాపు వదలకండి, లేకపోతే ప్రతి బంకులోనూ పావుగంట నిలబడాలి.

పొడి నేల మీద, ముందుగా ముక్కు పైకి ఉండేటట్లు, తరువాత పక్కకు వాలేటట్లు వాహనాన్ని నిలిపి, కింద అట్ట పరిచి, ఒక రాత్రి ఉంచండి. చుక్క పడకూడదు. నోటి అంచు దాకా నింపి ఎండలో నిలపడం మాత్రం మంచిది కాదు. చల్లటి డీజిల్ 25 డిగ్రీలు వేడెక్కితే 130 లీటర్లకు రెండున్నర లీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ చోటు ట్యాంకులో ఉండాలి. నాజిల్ మొదటిసారి ఆగిన చోటే ఆపేయడం అలవాటు చేసుకోండి.

తరువాత గేజీని పరీక్షించండి. ఇది విసుగు పని, కానీ దీనికి ప్రత్యామ్నాయం లేదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపి, క్యాన్‌లో ఇంధనం దగ్గర పెట్టుకుని, సమతల నేల మీద 10 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడ ఉందో రాసుకోండి. ఆ పట్టికను సన్ వైజరు వెనక అంటించండి. "ఇంకా ఎన్ని కి.మీ. వెళ్లగలరు" అని డ్యాష్‌బోర్డు చూపే అంకె పాత ట్యాంకు సామర్థ్యాన్ని నమ్మి లెక్కించేది కాబట్టి, దాన్ని తిరిగి సెట్ చేయించే వీలు లేకపోతే పూర్తిగా మరిచిపోండి.

బదిలీ పంపు ఉన్నవారు మొదటి ట్యాంకు సగానికి దిగిన తరువాతే స్విచ్చు వేసి, ఎన్ని నిమిషాలకు ఎన్ని లీటర్లు వచ్చాయో ఒకసారి కొలుచుకోండి. స్విచ్చు వేసి మరిచిపోవడమే ఈ ఏర్పాటులో అందరూ చేసే పొరపాటు. సమయం చూసి ఆపే టైమరు ఒకటి పెట్టించుకుంటే తీరిపోతుంది.

అన్నీ అయ్యాక నిండు ట్యాంకుతో, పూర్తి సామానుతో మళ్లీ కాటా ఎక్కండి. మీరు వేసిన లెక్కకూ తూకానికీ 20, 30 కిలోలు తేడా వస్తే ఫరవాలేదు. అంతకంటే ఎక్కువైతే అమ్మినవారు చెప్పిన బరువులో తప్పుంది. హెడ్‌లైట్ల కోణం, వెనుక టైర్ల గాలి ఈ బరువుకు తగినట్లు మార్చండి. 500 కి.మీ. తిరిగాక ఒకసారి, మొదటి గతుకుల దారి తరువాత మరొకసారి పట్టీల బోల్టులను తయారీదారు చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. బోల్టు తల మీద పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, అది కదిలిందో లేదో తరువాత చూపుతోనే తెలుస్తుంది.

పాఠకులు మళ్లీ మళ్లీ చేసే పొరపాట్లు

స్టెప్నీ ఖర్చును, బరువును లెక్కలో కలపకపోవడం అన్నిటికంటే పెద్దది. ప్రకటనలో ఉన్న లీటర్లన్నీ వాడుకోవచ్చని నమ్మడం రెండోది. 130 అని రాసి ఉంటే అందులో పైన వదలవలసిన ఖాళీ, అడుగున అందని భాగం పోగా మిగిలినదే మీది. రోజూ ఊళ్లో తిరిగేటప్పుడు కూడా పెద్ద ట్యాంకును నిండుగా ఉంచి, మైలేజీ తగ్గిందని బాధపడేవారూ ఉన్నారు. ప్రయాణం లేనప్పుడు పాత ట్యాంకుకు సరిపడా పోయించుకుంటే చాలు.

అయితే వాహనాన్ని నెలల తరబడి నిలిపి ఉంచేవారికి ఈ సలహా వర్తించదు. సగం ఖాళీగా ఉన్న డీజిల్ ట్యాంకులో తేమ చేరి, నీరు అడుగున నిలిచి, డీజిల్, నీరు కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురులా ఫిల్టరును మూసేస్తాయి. అటువంటివారు ట్యాంకును నిండుగా ఉంచి, బయలుదేరే ముందు అడుగు ప్లగ్ నుంచి ఒక గాజు సీసాలోకి పావు లీటరు దించి, పది నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. అడుగున నీటి పొర గానీ నల్లటి తెట్టు గానీ కనబడితే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా దించుతూ పోండి. దించాక కూడా తెట్టు వస్తూ ఉంటే, ట్యాంకు కడిగించి ఫిల్టరు మార్పించకుండా ప్రయాణం మొదలుపెట్టవద్దు.